హెప్సిబా వేసిన కవరు

"నేనెవ్వలికీ చెప్పలే," అంది హెప్సిబా మొగుడితో, చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ. "దేవునికి చెప్పిన, అంతే. కవర్ మీద రాసి ఏసిన."

జయరాజు ఆ మాట విన్న క్షణానికే లోపల మొదటి పాట మొదలైంది. ఆమె కొంగు తల మీదికి లాక్కుని ఆడవాళ్ళ వైపు వెళ్ళిపోయింది. అతను కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు నడిచి, మగవాళ్ళ వైపు ఆరో బెంచీలో, గోడ పక్కన, ముప్ఫై ఏళ్ళుగా నిలబడే చోటే నిలబడ్డాడు. కవరు. ఏ కవరో అతనికి తెలుసు. గుమ్మం దగ్గర బల్ల మీద కట్టగా పెడతారు, తెల్లవి, మీద కృతజ్ఞతార్పణ అని అచ్చు, కింద పేరుకి ఒక గీత, కారణానికి మూడు గీతలు. కానుక అందులో పెట్టి, ఆ మూడు గీతల మీద ఎందుకో రాసి డబ్బాలో వేస్తారు. ప్రసంగం అయిపోగానే అయ్యగారు వాటిని ఒక్కొక్కటే తీసి మైకులో చదువుతారు, పేరుతో సహా. ఫలానావారి కుమారుడు ఐటీఐ పాసైనందుకు, ఫలానా తల్లికి దవాఖానలో కంటి ఆపరేషను మంచిగా జరిగినందుకు. ఒకసారి ధర్మసాగర్ నుంచి వచ్చే ముసలాయన తప్పిపోయిన బర్రె దొరికినందుకు అని రాస్తే, అయ్యగారు నవ్వకుండా చదివారు, జనం నవ్వారు. చదివాక ఆ ఇంటివాళ్ళు లేచి ముందుకు పోయి బల్ల ఎదుట నిలబడాలి. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై. రెండు పాటలు, వాక్యం, ప్రసంగం. పదీ నలభైకి అయ్యగారి చెయ్యి ఆ డబ్బాలోకి పోతుంది. గంట. సరిగ్గా గంట.

ఆమె ఏం రాసి ఉంటుంది? శుక్రవారం సాయంత్రం తను చెప్పిందే రాసి ఉంటుంది, ఇంకేం రాస్తుంది. ఆ రోజు ఇంటికి పోతూ పోతూ గుమ్మంలోనే నోరు జారాడు. మన షాపుల జాగల కట్టే టవర్ల కింద అంతస్తుల, రోడ్డు మొఖాన, రెండు షట్టర్లు ఒచ్చినయే, సోమవారం రిజిస్ట్రేషన్ అయ్యేదాక ఎవ్వలికీ చెప్పకు అన్నాడు. ఎందుకు చెప్పాలి అసలు? కడుపులో దాచుకోలేక చెప్పాడు. తప్పు చేసినవాడికి ఒక్కరైనా సంతోషపడి చూపించే మనిషి కావాలి గనక చెప్పాడు. ఆమె సంతోషపడింది. బియ్యం చేటతోనే గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడే మొక్కి ఉంటుంది. రెండు షట్టర్లు. ఆ రెండు అన్న మాట ఒక్కటి చాలు. తమ వరుసలోని పదకొండు షాపులవాళ్ళలో నలుగురు ఈ పైకప్పు కిందే ఉన్నారు. రెండో వరుసలో బేకరీ ప్రభుదాసు, మెడ వెనక మడత దాకా పౌడరు రాసుకుని. రెండు అన్న మాట వినగానే ఆ మెడ వెనక్కి తిరుగుతుంది. ఎందుకంటే జయరాజుకు ఉన్నది ఒక్క షట్టరని ప్రభుదాసుకి తెలుసు. మరి రెండోది ఎవరిది? పక్కది. సారమ్మది.

పాట మూడో చరణానికి వచ్చింది, పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి. సారమ్మ ఎదుటి వైపు నాలుగో బెంచీ చివర నిలబడి ఉంది. ఆమెకు పాటల పుస్తకం అక్కర్లేదు, చేతిలో నల్ల అట్ట బైబిలొకటే ఉంది, ఆ బైబిల్లో ఎక్కడో నాలుగు మడతల తెల్ల కాగితం ఉంది. ముప్ఫై అయిదేళ్ళ కాగితం. అది రాసిన రోజు అతనికి పంతొమ్మిదేళ్ళు. నాన్న దానియేలు టైలరు, రైల్వే గార్డుల కోట్లు కుట్టేవాడు, స్టేషన్ రోడ్డు మీద ఆ పదకొండు షాపుల వరుసలో అప్పట్లో అందరికంటే వెడల్పైన షాపు ఆయనదే. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున్నే ప్యాసింజర్‌లో వచ్చే వడ్రంగి శామ్యూలుకు, సారమ్మ మొగుడికి, నిలబడి రంపం పట్టే జాగా కూడా ఉండేది కాదు. నాన్న తన షాపుకి నడుమ గోడ కట్టించి సగం అతనికి అమ్మేశాడు. తెల్ల కాగితం మీద రాసుకున్నారు, సాదా బైనామా, ఆ రోజుల్లో అందరూ అట్లాగే రాసుకునేవారు. రిజిస్ట్రేషన్ వచ్చే నెల చేద్దాం అనుకున్నారు. ఆ వచ్చే నెల రాలేదు. మొదట వానలన్నారు, తర్వాత నాన్నకి పక్షవాతం, తర్వాత నాన్న లేడు. ఎవరూ తొందరపడలేదు. గోడ ఉంది కదా, గోడకి అటు వాళ్ళూ ఇటు వీళ్ళూ ఉన్నారు కదా. ఆఫీసు రికార్డులో మాత్రం గోడ లేదు. అందులో ఇప్పటికీ ఒకటే షాపు, ఒకటే పేరు, దానియేలు. దానియేలు తర్వాత జయరాజు.

గోడ కట్టిన మేస్త్రీ చేత నాన్నే దాంట్లో ఒక కంత పెట్టించాడు, మనిషి చెయ్యి, ఒక బట్ట తాను పట్టేంత. ఎందుకంటే శామ్యూలు చేసేది శవపేటికలు. ఊళ్ళో పెట్టె అంటే అదే, పెట్టెల షాపంటే అదే. పెట్టె లోపల వేసే తెల్ల శాటిన్, తలకింద చిన్న దిండు, అంచుల కుచ్చు, అవన్నీ నాన్న కుట్టేవాడు, నాన్న తర్వాత జయరాజు. ఎవరైనా ఏడుస్తూ వచ్చినప్పుడు పొడుగెంత అని శామ్యూలు పైకి అడిగేవాడు కాదు. వాళ్ళ ఇంటికి సైకిల్ మీద పోయి, దారంతో కొలిచి, ముడి వేసి, తిరిగొచ్చి ఆ దారాన్ని కంతలో మేకుకి వేలాడదీసేవాడు. ఇటువైపు నుంచి జయరాజు ఆ దారం తీసుకుని బట్ట కత్తిరించేవాడు. మాట ఉండేది కాదు. చిన్న దారం వేలాడిన రోజుల్లో ఇద్దరూ చాయ్ తాగేవాళ్ళు కాదు. అట్లా ముప్ఫై ఏళ్ళు, ఎన్ని వందల దారాలు. ఆ కంతలోంచే సారమ్మ వదినె మధ్యాహ్నం పూట గిన్నె అందించేది, పప్పుచారో, ఎండు చేపల కూరో, వాసన బట్టకి అంటుకుంటుందని అతను గొణిగితే, సచ్చినోడు వాసన సూత్తడా మరిదీ, తిను అనేది.

కూర్చోమన్నారు. బెంచీలన్నీ కిర్రుమన్నాయి. అతను కూర్చోలేదు. రెండో పాటకి ముందు దొరికే ఆ కాస్త సందులోనే ఏదైనా చెయ్యాలి. గోడ వెంబడి వెనక్కి నడిచాడు, దగ్గొచ్చినవాడిలా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని. గుమ్మం దగ్గర ట్రెజరర్ దేవదానం కవర్ల డబ్బా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఆలస్యంగా వచ్చే వాళ్ళ కోసం చూస్తున్నాడు. ఆ డబ్బాకి తాళం లేదు, పై మూతకి ఒక చీలిక, అంతే. జయరాజు వంగి, మా ఇంటామె రాసిన దాంట్లో ఒక తప్పు పడ్డది, దిద్ది ఇస్త, జర తియ్యి అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది, దానికే అతనికి భయం వేసింది. దేవదానం కళ్ళద్దాల మీది నుంచి చూశాడు.

"ఎక్కువ రాసిందా, తక్వ రాసిందా?"

"అది కాదు. కారణం."

"కారణం దేవునికి తెల్సు తియ్యి. ఏసిన కవర్ వాపస్ తీసేది మా తాతల కాలంల లేదు." అని నవ్వి, అతని చెయ్యి పట్టి ఊపి, "రెండు షట్టర్ల సంగతి గిట్ల ఉన్నదా ఏంది?" అన్నాడు.

కాదు. అట్లా అనలేదు. దేవదానం అన్నది వేరు, నీ షట్టర్ సంగతేమాయె, బిల్డరోళ్ళు మల్ల ఒచ్చిండ్రా అని. జయరాజు చెవికి అట్లా వినపడింది. ఆ తర్వాత దేవదానం డబ్బా ఎత్తి, చంకలో పెట్టుకుని, నడుమ దారిలో పరిచిన కొత్తవాడ జంపఖానా మీద చప్పుడు లేకుండా నడిచి వెళ్ళి, దాన్ని అయ్యగారి బల్ల కింద పెట్టి వచ్చాడు. అయిపోయింది. ఇక్కడి నుంచి ఆ బల్లకి పద్ధెనిమిది గజాలు, దర్జీ కన్ను తప్పు చెప్పదు. పద్ధెనిమిది గజాలూ మూడు వందల మంది చూస్తుండగా. అతను తిరిగి ఆరో బెంచీకి పోయాడు.

బయటికి పోవచ్చు. కడుపునొప్పి అని స్కూటర్ తీసుకుని పోవచ్చు. పోతే చదవరా? చదువుతారు, హెప్సిబా ఒక్కతే లేచి ముందుకు నడుస్తుంది, ఆ ముఖంతో. ఆమెని ఒక్కదాన్నే ఆ బల్ల ముందు నిలబెట్టి పారిపోవడం కూడా చెయ్యగలడా తను? చెయ్యగలడేమో. శుక్రవారం మధ్యాహ్నం దాకా తను చెయ్యలేడనుకున్న పనుల్లో ఒకటి చేసేశాడు కదా.

శుక్రవారం. హనుమకొండలో బిల్డరు ఆఫీసు, ఏసీ చల్లదనానికి మోచేతుల మీద వెంట్రుకలు లేచాయి. గాజు పెట్టెలో ఆ టవర్ల బొమ్మ. పద్ధెనిమిది అంతస్తులవి రెండు, మధ్యలో పచ్చ స్పాంజితో చెట్లు, అగ్గిపుల్లంత మనుషులు, ఒంటి మీద బట్టలు లేవు, తెల్లగా, పేటికల్లో పడుకునే వాళ్ళలా. కింద అంతస్తులో రోడ్డు వైపు మూలన ఒక చిన్న అద్దాల గది లోపల నిజంగానే బల్బు వెలుగుతోంది. బిల్డరు మనిషి శ్యాంసుందర్, మెత్తగా మాట్లాడేవాడు, సెక్రటరీ సాబ్ అని తప్ప పేరు పెట్టి పిలవడు. షాపులవాళ్ళ సంఘానికి సెక్రటరీ జయరాజే. పోయిన నెలలో గడియారాల సదానందం షాపులో పదకొండు మందీ కూర్చుని, సంతకం పెడితే అందరం ఒక్క రోజే పెడదాం, లేకుంటే ఒక్కరం కూడా పెట్టొద్దు అనుకున్నప్పుడు, ఆ మాట రిజిస్టరులో రాసింది కూడా జయరాజే. ఆ రోజు సారమ్మ, నాది తెల్ల కాయిదమే గదా మరిదీ, ఏమన్న పరేషాన్ ఐతదా అని అడిగింది. అందరి ముందూ ఆమెకు చెప్పాడు, నేనుండంగ నీకెందుకు వదినా ఫికరు అని. సదానందం వెంటనే అంటించాడు, ఆయినె ఉండంగనే ఫికరు అని. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. నిజంగానే నవ్వాడు, అప్పటికి తనకి తెలియదు, ప్రమాణం చేసి చెప్పగలడు, అప్పటికి ఆ ఆలోచన లేదు. ఉందా? రికార్డులో నాన్న పేరే ఉన్న సంగతి ఎప్పటి నుంచీ తెలుసు. తెలిసిన సంగతి మనిషిలో ఎక్కడ పడుకుని ఉంటుందో, ఎప్పుడు లేస్తుందో.

శ్యాంసుందర్ ఒక నకలు కాగితం బల్ల మీద తిప్పి పెట్టాడు. మీ నాయిన పేరు మీద రెండు షట్టర్ల జాగా చూపిస్తున్నది సాబ్ అన్నాడు. రెండు షట్టర్లకు రెండు షట్టర్లు, కింది అంతస్తు, మూల. మీరొక్కరు మొదలు సంతకం పెడితే మిగిలినోళ్ళు ఎనకనే ఒస్తరు. అని, గాజు మీద ఆ వెలిగే గది దగ్గర వేలు పెట్టి, మామూలుగా, చక్కెర సరిపోయిందా అని అడిగినట్టు అడిగాడు.

"నడుమ గోడ అవుతల ఉన్నోళ్ళు ఎవలు సాబ్?"

చాయ్ కప్పు చేతిలో ఉంది. ఒక గుక్క తాగాడు. ఆ గుక్కంత సేపు ఇచ్చాడు దేవుడు. ఎంతసేపు కావాలి మనిషికి? మా శామ్యూలన్న వాళ్ళది అని చెప్పడానికి ఎంతసేపు? అతను కప్పు కింద పెట్టాడు.

"కిరాయికి ఉంటరు," అన్నాడు.

అంతే. ఒక్క మాట. శ్యాంసుందర్ దాన్ని రాసుకోలేదు కూడా, తల ఊపాడు, ఐతే నోటీసు ఇస్తె సాలు, ఖాళీ చేస్తరు అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు, అదే జయరాజు గుండెలో అసలు చోట తగిలింది. ఎట్లాగూ టవర్ల అసొంటి షాపు ఒద్దు గదా సాబ్, పెండ్లి సూట్లు కుట్టేటోనికి పక్కన పెట్టెల షాపు ఏం బాగుంటది.

ప్రసంగం మొదలైంది. అయ్యగారి నోరు కదులుతోంది, మాటలు పైకప్పు ఫ్యాన్లలో పడి ముక్కలవుతున్నాయి. అసొంటి షాపు. అవును, అది తన మాటే, శ్యాంసుందర్ నోట్లోంచి వచ్చింది గానీ తన మాటే. ఎన్నేళ్ళ మాట? పెళ్ళికొడుకు తల్లి ఒకామె గుమ్మం దాకా వచ్చి, పక్కకి చూసి, పెళ్ళికొడుకు భుజం పట్టుకుని వెనక్కి లాక్కుపోయిన రోజుది. బళ్ళో ఎవరో డబ్బాల టైలరు బిడ్డ అన్నారని కూతురు ప్రియాంక ఏడుస్తూ వచ్చిన రోజుది. పెద్ద సూట్ల షాపులు వచ్చాయి, రెడీమేడ్ వచ్చింది, ఉన్న నలుగురు గిరాకీలు కూడా పొద్దుటి పూట రారు, ఎందుకంటే పొద్దున్నే పెట్టెల షాపు ముందు నిలబడటం మంచిది కాదు. అతను శామ్యూలుకు ఒక్కరోజు కూడా ఈ సంగతి చెప్పలేదు. శామ్యూలు పెట్టిన గిన్నెలోనే తిన్నాడు, తింటూ ఈ మాట లోపల పెంచుకున్నాడు. ఆ అద్దాల గదిలో బల్బు వెలుగుతుంటే అతనికి కనపడింది తన షాపు కాదు, పక్కన పెట్టెలు లేకపోవడం. దానికి పెట్టాడు సంతకం. ఆకలికో ఆపదకో అయితే ఇంత నీచంగా ఉండేది కాదు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో శామ్యూలు రోజుకి అయిదారు పెట్టెలు చేసేవాడు. కంతలో మేకుకి దారాల గుత్తి వేలాడేది. లోపల బట్ట ఎందుకు, ఎవరు చూస్తరు, మూతే తీయనిస్తలేరు అన్నాడు ఒక రోజు జయరాజు, వేళ్ళు వాచి, మిషను ముందు కూర్చోలేక. శామ్యూలు రంపం ఆపాడు. గోడ అవతల నుంచి గొంతొక్కటే వచ్చింది, బట్ట లేకుంటే అది పెట్టె కాదు తమ్మీ, సామాన్ డబ్బా. మూడు వారాల తర్వాత శామ్యూలే పడ్డాడు. దవాఖాన గేటు బయట నిలబడి సారమ్మ ఏడవలేదు, ఒళ్ళంతా శానిటైజర్ వాసన వేస్తూ షాపుకి వచ్చి, మొగుడు చేసి ఉంచిన పెట్టెల్లో ఒకదాన్ని ఎంచి, దారం కొలిచి ముడి వేసి, ఆ కంతలో తనే వేలాడదీసింది. అయిదడుగుల తొమ్మిది. జయరాజు కుట్టాడు. కంతలోంచి అందించాడు. అవతల చెయ్యి ఆ బట్టని తీసుకోలేదు కాసేపు, బట్టతో పాటు అతని వేళ్ళని పట్టుకుని ఉండిపోయింది. ఆ తర్వాత ఆమే ఇద్దరు వడ్రంగులను పెట్టుకుని షాపు నడుపుతోంది. కిరాయికి ఉంటరు.

ఆమె షట్టరు బరువు. తుప్పు పట్టి మధ్యలో పట్టేస్తుంది. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున అతనే లేపుతాడు. ముందు ఆమెది, తర్వాత తనది. నిన్న శనివారం కూడా లేపాడు. వంగి కొక్కెం పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు, ఆమె చూసి, నడుము పట్టిందా మరిదీ, ఉండు, నేనూ ఓ చెయ్యేస్త అని పక్కన వంగింది. ఇద్దరూ కలిసి లేపారు. ఆమె తల అతని భుజానికి తగిలేంత దగ్గర, కొబ్బరినూనె వాసన, చెక్కపొట్టు వాసన. షట్టరు పైకి పోతుంటే లోపల గోడకి ఆనించిన కొత్త పెట్టెలు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఆమె ఇచ్చిన చాయ్ తాగాడు. ఈ మూడు రోజుల్లో తాగినన్ని చాయ్‌లు ఎప్పుడూ తాగలేదు.

ఆమెన్. జనమంతా అన్నారు. ప్రసంగం అయిపోయింది. పదీ ముప్ఫై ఎనిమిది. అయ్యగారు కళ్ళద్దాలు మార్చుకుని, వంగి, డబ్బా పైకి తీశారు. నాలుగు కవర్లున్నాయి. మొదటిది మనవరాలు పుట్టినందుకు. తాత, అమ్మమ్మ, తల్లి, బిడ్డ, ఊరంత బలగం నడిచి ముందుకు పోయారు, ప్రార్థన పొడుగ్గా సాగింది, సాగనీ, ఇంకా సాగనీ. రెండోది బోరులో నీళ్ళు పడినందుకు. మూడోది చేతిలోకి తీసుకున్నారు. జయరాజుకు దాని మీది రాత ఇక్కడికి కనపడదు, కానీ అయ్యగారు చదవడానికి ముందే ఆడవాళ్ళ వైపు చూసి నవ్వారు, ఆ నవ్వు పోయి హెప్సిబా మీద వాలింది. చెమట ముక్కు కొస దాకా వచ్చి ఆగింది.

"టైలర్ జయరాజు గారి కుటుంబం," అని చదివారు అయ్యగారు. "మా షాపులున్న స్థలములో కట్టబోవు టవర్లలో, రోడ్డు వైపున, కింది అంతస్తులో, రెండు షట్టర్లు..."

ప్రభుదాసు మెడ తిరిగింది. పౌడరు మడత విడిపోయింది. చూస్తున్నాడు. ఇంకో రెండు తలలు కూడా తిరిగాయి. జయరాజు వాళ్ళకేసి చూడకుండా ఎదుటి బెంచీ చెక్కలో ఒక మేకు తల వంక చూశాడు, శామ్యూలు కొట్టిన మేకేమో, ఈ బెంచీలు కూడా శామ్యూలే బాగు చేశాడు. అయ్యగారు ఆగారు. చోటు చాలనట్టుంది, ఎనకకు గూడ రాసింది అమ్మ, అని కవరు తిప్పారు. జనం నవ్వారు. తిప్పిన కవరుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు.

"...ఒకటి మాకు, ఒకటి సారమ్మక్కకు, ఇప్పటి లాగానే పక్కపక్కన, ఇచ్చిన దేవునికి కృతజ్ఞతతో."

హెప్సిబాకి తను చెప్పింది రెండు షట్టర్లనే. మిగిలింది ఆమే అల్లుకుంది. రెండు వచ్చాయంటే ఒకటి తమది, ఒకటి పక్క షాపుది, ఇంకెట్లా ఉంటుంది? హెప్సిబా బుర్రలో ఇంకో లెక్క పుట్టలేదు. పాతికేళ్ళు పక్కన పడుకున్న మనిషిని అట్లాంటి మనిషి అనుకోలేదు. పట్టుబడితే ఎట్లా అని గంట నుంచీ చచ్చాడు. పట్టుబడలేదు. ఇది దానికంటే అన్యాయం.

ఎదుటి వైపు హెప్సిబా అప్పుడే లేచి నాలుగో బెంచీ దగ్గరికి పోయి, సారమ్మ మోచెయ్యి పట్టి లేపుతోంది. సారమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అరచేత్తో నోరు మూసుకుంది. శామ్యూలుకు కూడా పెట్టని ఏడుపు ఇప్పుడు పెట్టేలా ఉంది. ఇద్దరూ జంపఖానా మీదికి వచ్చేశారు. పక్కన కూర్చున్నాయన జయరాజు తొడ మీద తట్టి, పోవయ్యా, నిన్నే అన్నాడు. పద్ధెనిమిది గజాలు. నడిచాడు. ప్రభుదాసు పక్క నుంచి పోతుంటే, పళ్ళ మధ్య నుంచి, మాకు చెప్పకుంటనే పెట్టినవా సంతకం అని వినపడింది. బల్ల ముందు సారమ్మ అతని వైపు తిరిగింది.

"నాకు మాటమాత్రం చెప్పకపోతివి మరిదీ," అంది మెల్లగా, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ. బైబిలు తెరిచి, వేలితో వెతక్కుండానే సరిగ్గా ఆ పేజీ తీసి, నాలుగు మడతల కాగితం అతని చేతిలో పెట్టింది. "రేపు రిజిస్ట్రేషనట గదా, హెప్సి చెప్తాంది. ఇది నీ దగ్గరనే ఉంచు. నాకా ఆఫీసులు తెల్వయి."

అయ్యగారు చేతులెత్తారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. జయరాజు మూసుకోలేదు. కాగితం మెత్తగా ఉంది, ఎన్నో ఉతుకులు చూసిన బట్టలాగా. దీనికి నకలు లేదు. ఈ లోకంలో సారమ్మకు ఆ షాపు ఉందని చెప్పేది ఇదొక్కటే, ఇప్పుడు ఇది తన చేతిలో ఉంది, ఇది తన చేతిలో ఉందని తెలిసినా ఎవరూ అనుమానించరు. పోయింది అంటే పోయిందనుకుంటారు. వానకి తడిసింది అంటే తడిసిందనుకుంటారు, ఆమె ముందుగా నమ్ముతుంది. చొక్కాకి లోపలి జేబు తనే కుట్టుకున్నాడు. చెయ్యి దానంతట అది జేబు దాకా పోయింది. పోయిన చేతిని అతను చూశాడు. ఎవరిదో చూసినట్టు చూశాడు. మడత ఒకటి విడిపోయి అడుగున సంతకాలు కనపడుతున్నాయి. నాన్న సంతకం, శామ్యూలు పొడి అక్షరాలు, వాటి కింద సాక్షి అని, కోడిపిల్ల గీసినట్టు, పంతొమ్మిదేళ్ళవాడి చేతిరాత. ఆ రోజు నాన్న వీపు మీద కాగితం ఆన్చి సంతకం పెట్టమన్నాడు, బల్ల మీద బట్టలున్నాయని. నాన్న వీపు ఊపిరికి కదులుతుంటే అక్షరాలు వంకరపోయాయి. జయరాజు. తన పేరే.

ఆమెన్ అన్నారు. అయ్యగారు చెయ్యి దించి, మైకు అతని వైపు జరిపి, ఒక సాక్ష్యం చెప్పు బాబూ అన్నారు. ఆయన ఆ మాట ముందుకొచ్చిన వాళ్ళందరితోనూ అంటారు, అందరూ దేవునికి స్తోత్రం అని రెండు ముక్కలు చెప్పి పోతారు.

"అయ్యగారూ," అన్నాడు జయరాజు. కాగితం చాచాడు. "ఇది గూడ సదువుండ్రి. మొత్తం. మైకుల."

అయ్యగారు అతన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, చదివారు. ఫలానా హద్దులు గల షాపులో సగభాగము శామ్యూలుకు అమ్మినానని, నేటి నుంచి దాని మీద నాకు గాని నా వారసులకు గాని ఏ హక్కూ లేదని, దానియేలు రాసి ఇచ్చిన మాటలు మైకులోంచి వచ్చి వెనక గుమ్మం దాకా పోయాయి. సాక్షి, జయరాజు అన్న చోట అయ్యగారి గొంతు తగ్గింది. మూడు వందల మంది విన్నారు. ఇప్పుడు ఈ కాగితం పోయినా పోదు. జయరాజు మైకు దగ్గరికి ఒక అడుగు వేశాడు. హెప్సిబా ముఖం వైపు చూస్తే చెప్పలేనని తెలిసి జంపఖానా ఎర్ర చారల వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ షట్టర్ వదినెది. రెండు నావేనని శుక్రవారం సంతకం పెట్టిన. ఈమె కిరాయికి ఉంటదని చెప్పిన. హెప్సిబాకు తెల్వది. రేపు నేను పోను."

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు. దారాల గురించి, బట్ట గురించి. అవి చెప్పుకునే హక్కు తనకి లేదనిపించి ఆగిపోయాడు. తన మోచేతి దగ్గర ఆనుకుని ఉన్న హెప్సిబా భుజం ఎప్పుడు దూరం జరిగిందో తెలియలేదు, ఆ చోట చల్లగా ఉంది. వెనక ఎవరూ ఆమెన్ అనలేదు. సారమ్మ అతన్ని చూడలేదు. అయ్యగారి వైపు చెయ్యి చాచి కాగితం తీసుకుంది, పాత మడతల మీదే నాలుగు మడతలు పెట్టింది, బైబిల్లో ఆ పేజీలోనే ఉంచి అట్ట మూసింది. అప్పుడు మాట్లాడింది, మైకుకి దూరంగా, అతనికి మాత్రమే వినపడేలా, కోపం లేకుండా, పొద్దుటి పూట పని మాట చెప్పినట్టు.

"రేపటిసంది నా షట్టర్ నేనే లేపుకుంట."